మూడో అంకె పక్కన

మొయినుద్దీన్ సార్ పాఠం చెప్పే తీరే వేరు. ముందుగా పిల్లల చేత ఒక తప్పును నమ్మించేవాడు. ఏదో మాటవరసకు కాదు, బల్ల గుద్ది మరీ నమ్మించేవాడు. అందరూ తలలూపి, అదే ఖాయమని రాసుకున్నాక, చివర్లో తనే దాన్ని తలకిందులు చేసేవాడు. "సారు మల్ల మనల్ని బుట్టల పడేసిండు" అని క్లాసంతా గొల్లుమనేది. అలా మోసపోయి నవ్వుకుంటూ నేర్చుకున్నదాన్ని పిల్లలు చచ్చేదాకా మరిచిపోరని ఆయన ధీమా. ఆ ధీమా తప్పేమీ కాదు, పాఠం చివరిదాకా నడిస్తే. మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఎందుకు ఆలోచిస్తాడు? ఎత్తుకున్న పాఠాన్ని మధ్యలో వదిలేసే మనిషి కాదాయన.

ఆయన ఇల్లు పెద్దవంగరలో. అక్కడికి కాస్త దూరంలో ఒక ఊళ్లో సర్కారు హైస్కూలు, అందులో ఇంగ్లీషు ఉద్యోగం. బక్కపలచని మనిషి, నలుగురిలో నోరు విప్పని మనిషి. స్టాఫ్ రూములో అందరూ చేరి రాజకీయాలు దంచుతుంటే ఈయన కిటికీ పక్కన కూర్చుని ఎర్రసిరాతో పేపర్లు దిద్దుకునేవాడు. క్లాసు గుమ్మం దాటి లోపలికి పోతే మాత్రం, ఇంకో మనిషి. చేతులు, కళ్లు, గొంతు అన్నీ కలిసి పాఠం చెప్పేవి. తండాల నుంచి నడిచొచ్చే లంబాడా పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, దాని మీద ఇంగ్లీషు అని మూడింటితో తంటాలు పడుతుంటే, "నాకు సుత మూడే, ఇంట్ల దక్కనీ మాట్లాడుత. నాకు వచ్చింది, మీకెందుకు రాదు?" అని వాళ్ల భుజం తట్టేవాడు.

అలా ఆయన భుజం తట్టిన పిల్లల్లో అఖిల ఒకతి. పూల్‌సింగ్, గంగిల కూతురు. పదోది ఆయన దగ్గరే చదివి, తొర్రూరులో ఇంటర్ చేసింది. మొయిన్ సార్ చెప్పాడంటే ఆ పిల్లకు అది రాతి మీద రాత. ఇంటర్ పాసైన ఏడాదే సకల జనుల సమ్మె వచ్చింది. సరిగ్గా అప్పుడే హైదరాబాద్‌లోని ఒక ట్రస్టు వాళ్ల నర్సింగ్ కాలేజీ ప్రకటన వచ్చింది. ఫీజు లేదు, హాస్టల్, తిండి అన్నీ వాళ్లవే. దసరా పోయాక జనగామలో ఇంటర్వ్యూ, అదీ ఇంగ్లీషులోనే.

పూల్‌సింగ్ చెడ్డవాడేమీ కాదు, కానీ లెక్క తెలిసిన మనిషి. ఆ ఏడు పత్తి మునిగింది. దసరా తర్వాత తండాలో సగం ఇళ్లు పుణెకు మూటలు కట్టుకుంటున్నాయి, అక్కడ బిల్డింగుల పని. కూతురితో కచ్చితంగా చెప్పేశాడు. "సీటొస్తె హైదరాబాద్ పో బిడ్డా, నేనే దింపొస్త. రాకుంటె మాతోని పుణె రావాలె. నిన్నొక్కదాన్ని ఈడ ఎవ్వల మీద ఇడిసిపెట్టి పోత?" అఖిల సరేనంది. ఆమెకు నర్సు కావాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. తల్లిని దవాఖానకు తీసుకుపోయినప్పుడు, తండావాళ్లని కసురుకోకుండా మాట్లాడిన ఒక నర్సును చూసింది. అప్పటి నుంచీ అదే ధ్యాస.

సమ్మె జోరు మీదుంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బళ్లకు తాళాలు. రోజుకో రకం నిరసన. ఒకరోజు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు, ఇంకోరోజు అదే రోడ్డు మీద కబడ్డీ. లెక్కల సార్ సోమనర్సయ్య ఆ చుట్టుపక్కల టీచర్లకు నాయకుడు. గొంతు పెద్దది, మనసూ పెద్దదే, కాకపోతే గొంతు ముందు నడుస్తుంది. ఆయనకొక ఆలోచన వచ్చింది. "రేపు తొర్రూరు రోడ్డు మీద పాఠం చెప్పాలె. బోర్డు తెస్తం, పిల్లల్ని కూసోబెడ్తం. టీవీ వాళ్లకు సుత చెప్పిన. మొయిన్ సాబ్, నువ్వే చెప్పాలె. నీ అసొంటి పాఠం ఇంకెవ్వలు చెప్పరు."

మొయినుద్దీన్ వద్దు వద్దంటూనే ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున తారు రోడ్డు మీద తాటిపత్రి పరిచి పిల్లల్ని కూర్చోబెట్టారు. నల్లబోర్డును ట్రాక్టర్‌కు ఆనించారు. చుట్టూ జెండాలు, నినాదాలు, డప్పులు. జనగామ నుంచి వచ్చిన టీవీ విలేకరి కెమెరా సర్దుకుంటున్నాడు. పిల్లల వెనక వరసలో, తమ్ముళ్ల వయసు వాళ్ల మధ్య, అఖిల కూర్చుని ఉంది. అందరూ నిరసనకు వచ్చారు. ఆ పిల్ల ఒక్కతే పాఠానికి వచ్చింది.

మొయినుద్దీన్ చేతికి చాక్‌పీస్ అందగానే రోడ్డు, డప్పులు అన్నీ మరిచిపోయాడు. బోర్డు మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాడు. "ఇంగ్లీషుల ఒక పేరును ఇంకో పేరుతోని జతచేసే తీర్లు మూడు. ఇయ్యాల మూడూ నేర్చుకుందం" అన్నాడు.

ఒకటో అంకె పక్కన, మనుషులకూ జీవాలకూ వాడే తీరు రాశాడు. పైన కామా, దాని పక్కన ఎస్. "గట్టయ్యది ఎద్దు. గట్టయ్యస్ ఆక్స్." ఆ గట్టయ్య అక్కడే జెండా పట్టుకుని ఉన్నాడు, జనం నవ్వారు. రెండో అంకె పక్కన, వస్తువులకు వాడే 'ఆఫ్' రాశాడు. ఇంటి కప్పు, ది రూఫ్ ఆఫ్ ది హౌస్. అలవాటు ప్రకారం అప్పుడు గొంతు తగ్గించి, వేలు ఎత్తాడు. అక్కడ మొదలయ్యేది ఆయన బుట్టలో వేసే పని.

"జర ఇనుండ్రి. రెండు పేర్లను జతచెయ్యాలంటె నడుమ కుట్టు ఉండాలె. ఎస్సో, ఆఫో, ఏదో ఒకటి. కుట్టు లేకుంట రెండు పేర్లను పక్కపక్కన పడేస్తె, గది ఇంగ్లీషు గాదు, మన ఊరి మోటు మాట. కుట్టు లేని జత జతనే గాదు. సమజైందా? రాసుకోండ్రి."

పిల్లలు రాసుకున్నారు. వెనక వరసలో అఖిల కూడా రాసుకుంది. ఇక మూడో అంకె దగ్గరికి వచ్చి, ఇప్పుడు చెప్పిందంతా తలకిందులు చేయాలి. చేయబోతూ చాక్‌పీస్ బోర్డుకు ఆనించాడు కూడా.

"సార్, పాఠం మంచిగున్నది గని," అన్నాడు విలేకరి కెమెరా వెనక నుంచి, "ఉద్యమం మీద ఒక్క ముక్క గట్టిగ చెప్పుండ్రి. గిదే మెయిన్ బిట్ అయితది."

మొయినుద్దీన్ వెనక్కి తిరిగాడు. అంత జనం తన వైపే చూడటం ఆయనకు జన్మలో అదే మొదలు. సోమనర్సయ్య కళ్లతో సైగ చేశాడు, చెప్పు చెప్పు అని. డప్పులు ఆగాయి. తమ యాసను సినిమాల్లో రౌడీల నోటా తాగుబోతుల నోటా విని, హాల్లో పక్కవాడు నవ్వుతుంటే తల దించుకున్న రోజులు గుర్తొచ్చాయో, మరి జనం కళ్లలోని మెరుపే ఎక్కిందో తెలియదు గానీ, ఎప్పుడూ లేనిది ఆయన గొంతు పెరిగింది.

"మా మాటకు మర్యాద లేని కాడ నేను ఎవ్వల భాష చెప్పాలె?" అన్నాడు. చేతిలోని చాక్‌పీస్‌ను రెండు ముక్కలు చేసి రోడ్డు మీద పడేశాడు. "తెలంగాణ వచ్చిందాక ఈ చేత చాక్‌పీస్ ముట్ట. ఈ నోట పాఠం చెప్ప. గిది నా జబాన్, నేనిచ్చే మాట."

చప్పట్లు మోగాయి. సోమనర్సయ్య ఆయన్ని అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నాడు. డప్పులు మళ్లీ అందుకున్నాయి. ఆ హడావుడిలో బోర్డును ట్రాక్టర్‌లోకి ఎక్కించారు. మూడో అంకె పక్కన ఏమీ లేదు.

సాయంత్రం టీవీలో వచ్చింది. ఇంట్లో భార్య రుఖయ్యా కళ్లప్పగించి చూసింది. "గిన్నేండ్లల్ల మీరు గంత గట్టిగ మాట్లాడంగ నేను చూడలేదు" అంది. మొగుళ్లపల్లి నుంచి ఆమె అన్న ఫోన్ చేసి బావను మెచ్చుకున్నాడు. మొయినుద్దీన్‌కు లోపల్లోపల గర్వంగానే ఉంది. ఉండదా? మనిషన్నాక ఉంటుంది.

రెండ్రోజులకు అఖిల వచ్చింది. ఊరి మొదట్లో టెంటు వేసి రిలే దీక్షలు చేస్తున్నారు. ఆనాడు మొయినుద్దీన్ వంతు. మెడలో బంతిపూల దండ, పక్కన సోమనర్సయ్య. ఆ పిల్ల టెంటు బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి నిలబడింది.

"సార్, గా దినం మూడోది చెప్పలేదు."

"ఏం మూడోది బిడ్డా?"

"పేర్లు జతచేసుడు సార్. మూడు తీర్లన్నరు, రెండే అయినయ్. నాకు దసరా పోంగనె ఇంటర్వ్యూ ఉన్నది. నర్సింగు సీటు. సీటు రాకుంటె పుణె పోవాలె." అన్నీ గబగబా చెప్పేసి, ఒక్క ఊపిరి తీసుకుంది. "ఒక్క మూడోది చెప్పుండ్రి సార్, పోత."

మొయినుద్దీన్ నోరు తెరిచాడు. చెప్పేసేవాడే. పక్క నుంచి సోమనర్సయ్య పెద్దగా నవ్వాడు. "ఏం సాబ్, దీక్షల కూసోని ట్యూషనా? టీవీల మాట్లాడిన నోటితోని?" ఆయన సరదాకే అన్నాడు. కానీ టెంటులో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. పోయిన వారమే, బుచ్చయ్య అనే రిటైర్డ్ సారు ఇంట్లో గుట్టుగా ట్యూషన్ చెబుతున్నాడని తెలిసి, వీళ్లంతా కలిసి పోయి ఆపించి వచ్చారు. ఆ ముసలాయన గడపలో నిలబడి, "సమ్మె అందరికి ఒక్కటే బుచ్చయ్య సాబ్" అన్నది మొయినుద్దీనే. ఇప్పుడు తనే చెబితే ఏమంటారు? పైగా తనలాంటివాడు ఒక్క అడుగు వెనక్కి వేస్తే, అందరి కన్నా ముందు తననే వేలెత్తి చూపిస్తారని ఆయనకొక భయం ఎప్పుడూ ఉండేది. అది నిజమైన భయమో కాదో, ఉండటమైతే ఉండేది.

"జబాన్ ఇచ్చిన బిడ్డా, ఊరంత చూసింది" అన్నాడు. "నీకు రెండు వచ్చినయ్ గద. గా రెండు చాలు. మూడోది గంత ముఖ్యం గాదు, ఇంటర్వ్యూల ఎవ్వలడుగుతరు?"

"చాలా సార్?"

"చాలు. పో, మంచిగ చెప్పు."

ఆ పిల్ల తలూపింది. సార్ చాలన్నాడు కాబట్టి చాలు. అయినా ఎక్కడో అనుమానం పీకుతూనే ఉన్నట్టుంది. సద్దుల బతుకమ్మ నాడు సీతాఫలాలు తీసుకుని ఏకంగా ఇంటికే వచ్చింది.

మొయినుద్దీన్ లోపలి గదిలో ఉన్నాడు. గొంతు గుర్తుపట్టి, పరదా వెనకే ఆగిపోయాడు. రుఖయ్యా ఆ పిల్లను కూర్చోబెట్టి, చాయ్ పెట్టి ఇచ్చి, లోపలికి వచ్చింది.

"తండా నుంచి గంత దూరం నడిచొచ్చింది జీ. ఏదో ఒక్క ముచ్చట చెప్తె చాలంటున్నది."

"లేనని చెప్పు."

"కైకూ జీ?" అంది రుఖయ్యా, ఎందుకని. "చాక్‌పీస్ ముట్టకుంటనే చెప్పుండ్రి. ఇంట్ల ఎవ్వలు చూస్తరు? నేను పక్కన కూసుంట."

"ఎవ్వలు చూడకుంటె జబాన్ జబాన్ గాదా?"

రుఖయ్యా వెనక్కి తిరిగింది. "నేనైతే అబద్ధం చెప్ప" అని బయటికి వెళ్లింది. పరదా అవతల నుంచి ఆమె మాట ఆయనకు స్పష్టంగా వినిపించింది. "ఉన్నడు బిడ్డా. గని రాడట. సమ్మె అయిపోంగనె పిలిచి చెప్తడట, నేను చెప్పిపిస్త."

"గప్పటికి అయిపోతది అక్కా" అంది అఖిల. ఇంటర్వ్యూ సంగతి. కప్పు కడిగి పెట్టబోతే రుఖయ్యా వద్దంది. సీతాఫలాలు గుమ్మం పక్కన పెట్టి, ఆ పిల్ల వెళ్లిపోయింది. మొయినుద్దీన్ ఆ పళ్లు ఒక్కటి కూడా ముట్టలేదు. అదేదో పెద్ద నిష్ఠ అనుకున్నాడు, పాపం.

దసరా వెళ్లింది. తర్వాత కొన్నాళ్లకే పెద్దలు కూర్చుని సమ్మె విరమించారు. రాష్ట్రం రాలేదు. బళ్లు మాత్రం తెరిచారు. హాజరు పట్టీలో సంతకం పెట్టాక, చాక్‌పీస్ డబ్బా ముందు మొయినుద్దీన్ చేయి ఆడక నిలబడితే, సోమనర్సయ్య వెనక నుంచి వచ్చి రెండు ముక్కలు తీసి ఆయన జేబులో వేశాడు. "గిదంత నువ్వొక్కనివి ఇచ్చిన జబానా? అందరం కలిసి దిగినం, అందరం కలిసి విరమించినం. పిల్లలకు పరీక్షలున్నయ్, నడువు" అన్నాడు. అందులోనూ న్యాయం ఉంది. ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ప్రమాణం ఎవరికీ గుర్తు కూడా లేదు. ఏ జబాన్ కోసం పరదా వెనక దాక్కున్నాడో, అది బడి గంట కొట్టేసరికి ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు.

తొమ్మిదో తరగతికి ఆ పాఠమే ఉంది. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాడు. ఒకటోది చెప్పాడు. రెండోది చెప్పాడు. వేలెత్తి, కుట్టు లేని జత జతనే కాదు, అది మన ఊరి మోటు మాట అని బల్ల గుద్దాడు. పిల్లలు తలలూపి రాసుకున్నారు. మూడోదానికి వచ్చి అంతా తలకిందులు చేశాడు. క్లాసు గొల్లుమంది. అలా అందరూ నవ్వుతుంటే ఆయనకు ఒక్కసారిగా తట్టింది. అఖిలకు తను చెప్పింది రెండు తీర్లు కాదు. రెండు తీర్లు, ఒక తప్పు. ఆ తప్పును విప్పకుండానే చాలని పంపించాడు.

గంట కొట్టకముందే స్కూటర్ తీసుకుని తండాకు పోయాడు. పూల్‌సింగ్ ఇంటికి తాళం. పక్కింటి ముసలామె తారి, గడప మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది.

"రైలెక్కిండ్రు సారూ, డోర్నకల్ల. పిల్ల సుత పోయింది."

"సీటు?"

"రాలే. పిల్ల మాట్లాడుతాంటె అందరు నవ్విండ్రట. ఇంటికొచ్చి అన్నం తినలే." తారి చేట పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. "నీ పేరు చెప్పుకునే పోయింది సారూ ఇంటర్వ్యూకు. మా సారు చెప్పిండు, నాకు వచ్చు అని."

ఆమె దగ్గర పూల్‌సింగ్ ఫోన్ నంబరు తీసుకున్నాడు. చేద్దామని చాలాసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. చేసి ఏమని చెప్పాలి? సిమెంటు మోస్తున్న పిల్లకు ఫోన్లో మూడోది చెప్పాలా? అదే సిగ్గుతో నెలలు పోయాయి, తర్వాత ఏళ్లే పోయాయి. రుఖయ్యా ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. సీతాఫలాల కాలం వచ్చినప్పుడు మాత్రం ఇంట్లోకి అవి తెప్పించేది కాదు. ఒకటి మాత్రం మార్చుకున్నాడు. పిల్లలకు ముందు తప్పు నమ్మించి చెప్పడం మానేశాడు. పాఠాలు చప్పబడ్డాయని పిల్లలు అనుకునేవాళ్లు.

రాష్ట్రం వచ్చింది. జూన్ మొదట్లో ఊరూరా పండగ. సోమనర్సయ్యకు మళ్లీ ఒక ఆలోచన. తొర్రూరు రోడ్డు మీద, సరిగ్గా ఆ జాగాలోనే వేదిక కట్టించాడు. పాత నల్లబోర్డు కూడా పెట్టించాడు. మైకు అందుకుని, "తెలంగాణ వచ్చిందాక చాక్‌పీస్ ముట్టనని జబాన్ ఇచ్చిన మన మొయినుద్దీన్ సార్, ఇయ్యాల మల్ల చాక్‌పీస్ పడుతుండు" అన్నాడు. మధ్యలో ఏళ్ల తరబడి ఆయన పాఠం చెప్పింది తన పక్క క్లాసులోనే అని సోమనర్సయ్యకు తెలియదా? తెలుసు. పండగ పూట అదొక ముచ్చట, అంతే. జనం చప్పట్లు కొట్టారు. పళ్లెంలో, కుంకుమ బొట్టు పెట్టిన కొత్త చాక్‌పీస్. మొయినుద్దీన్ చేయి చాచి తీసుకున్నాడు. బోర్డు మీద జై తెలంగాణ అని రాయమన్నారు, రాశాడు. ఆ అక్షరాల పక్కన ఆయనకు ఖాళీగా ఉన్న మూడో అంకె కనిపిస్తోంది. చాక్‌పీస్ జేబులో వేసుకుని గబగబా మెట్లు దిగాడు.

కింద జనంలో పూల్‌సింగ్ ఎదురయ్యాడు. జుట్టు నెరిసింది, చేయి ఒకటి వంకరపోయింది. "సారూ, మంచిగున్నరా? గా దినం మిమ్ముల టీవీల చూసిన, ఇయ్యాల కండ్లార చూసిన" అన్నాడు సంబరంగా. "పుణె ఇడిసిపెట్టినం. పరంజా మీదికెల్లి పడ్డ, చెయ్యి పోయింది. ఇగ ఈడనే పత్తి పెట్టుకుంటున్నం. అఖిల, వాళ్ల యాడి గంగి చేన్ల ఉన్నరు."

మొయినుద్దీన్ మెడలో వేసిన దండ తీసి సోమనర్సయ్య చేతిలో పెట్టి, అక్కడి నుంచి అక్కడే స్కూటర్ తీశాడు.

తొలి వాన పడి రెండ్రోజులైంది. చేనులో తల్లీకూతుళ్లు పత్తి గింజలు పెడుతున్నారు. అఖిల ఆయన్ని గట్టు మీద చూసి, నడుం ఎత్తి, కొంగు సర్దుకుని వచ్చింది. మనిషి నల్లబడింది. వేళ్ల చివర్లు సిమెంటు తినేసినట్టు గరుకుదేలి ఉన్నాయి. మొహంలో కోపం వెతికాడు, లేదు. కోపం ఉంటే బాగుండు అనిపించింది ఆయనకు.

"నమస్తే సార్. మీ అమ్మ మరియం బీ మంచిగున్నదా? అక్క మంచిగున్నదా?"

"అమ్మ పోయిన ఏడు పోయింది బిడ్డా. అక్క మంచిగున్నది." చూపు గట్టు మీదికి దించాడు. "ఇంటర్వ్యూల ఏమైంది?" అన్నాడు చివరికి.

ఆమె చేతులకంటిన మట్టి దులుపుకుంటూ, వేరే ఎవరిదో ముచ్చట చెబుతున్నట్టు చెప్పింది. "మీ ఊరికి ఎట్ల రావాలని అడిగిండ్రు సార్. నాకు బస్ స్టాండ్ అని నోట్లకు వచ్చింది. గని నడుమ కుట్టు లేదు గద, మన మోటు మాట అంటరని మింగిన. ది స్టాండ్ ఆఫ్ ది బస్ అన్న. ఒకాయన నవ్విండు. దాని పక్కన ఏమున్నదన్నరు. ది షాప్ ఆఫ్ ది రేషన్ అన్న. గప్పుడు అందరు నవ్విండ్రు. ఏ తండా అమ్మా మీది అని ఒకామె అడిగింది. ఇగ నాకు నోరు రాలే సార్. తర్వాత అడిగినయన్ని నాకు వచ్చినయే. జ్వరం గురించి అడిగిండ్రు, నీళ్ల గురించి అడిగిండ్రు. ఒక్కటి సుత చెప్పలే."

"తప్పు నాది బిడ్డా" అన్నాడు మొయినుద్దీన్. "నీది గాదు. నాదే."

"గదంత ఇప్పుడెందుకు సార్." ఆమె కాస్త ఇబ్బంది పడింది, సార్ అలా మాట్లాడటం చూసి. తల దించుకుని, మళ్లీ ఎత్తింది. "మూడోది ఏంది సార్? పుణెల సుత అప్పుడప్పుడు యాదికొచ్చేది. ఎవ్వలనడగాలె?"

ఆయన చేయి దానంతటదే జేబులోకి పోయింది. కుంకుమ బొట్టు చాక్‌పీస్ తగిలింది. రాయడానికి అక్కడ ఏముంది, తడి మట్టి తప్ప. చేయి బయటికి తీసేశాడు.

"రెండు పేర్లను పక్కపక్కన పెట్టుడే బిడ్డా. నడుమ ఏం ఉండదు."

"నడుమ ఏం వద్దా? మీరు గా దినం..."

"గా దినం నేను చెప్పింది ఉత్తది. ముందు ఉత్తది చెప్పి, తర్వాత అసలుది చెప్తుంటి. నీకు తెలుసు గద నా తీరు. అసలుది చెప్పకముందే ఆపిన." ఆమె వైపు చూడలేక చేను వైపు చూస్తూ చెప్పాడు. "బస్ స్టాండ్ కరెక్టే. రేషన్ షాప్ కరెక్టే. రైస్ మిల్ కరెక్టే."

"గవి మనం దినాం మాట్లాడేటివే గద సార్."

"దినాం మాట్లాడేటివే."

 అఖిల పెదవులు మెల్లగా కదిలాయి. బస్ స్టాండ్, రేషన్ షాప్ అని లోపల అనుకుంటున్నట్టుంది. చేను మధ్య నుంచి గంగి కేకేసింది, వాన మళ్లీ వచ్చేలా ఉంది, సాలు ఆగిపోయిందని. "వస్తున్న యాడీ" అంది అఖిల. రెండడుగులు వేసి ఆగింది.

"సార్, గా దినం టెంట్ల చెప్తె ఎంతసేపు పడుతుండె?"

ఎత్తిపొడుపు కాదు. పదో తరగతిలో చేయెత్తి సందేహం అడిగినప్పటి గొంతే అది.

"గింతసేపే బిడ్డా" అన్నాడు మొయినుద్దీన్.

ఆమె సరేనన్నట్టు తలూపి, ఒడిలోని గింజలు సర్దుకుని, సాలులోకి వెళ్లిపోయింది.